ఎన్ని గోల్స్ కొట్టావమ్మా?

మా సంఘంలో నన్ను ఎవరు పలకరించినా మాట ఒకటే. "వందనాలమ్మా, ఈ వారం ఎన్ని గోల్స్ కొట్టావు?" ఏడేళ్ల వయసు నుంచి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా నేను చెప్పిన జవాబు కూడా దాదాపు ఒకటే. సున్నా. అడిగినవాళ్లు "అయ్యో" అని నా భుజం తట్టి, "ఫర్వాలేదులే, దేవుడు ఈసారి ఇస్తాడు" అనేసి సమోసాల బల్ల వైపు వెళ్లిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఐస్ హాకీలో నేను డిఫెన్స్ ఆడతాను. గోల్ ముందు నిలబడి పక్‌ను ఆపే మనిషిని గోలీ అంటారు. పక్ అంటే నల్లటి రబ్బరు బిళ్ల. ఆ గోలీకి ముందు కాపలాగా ఇద్దరం ఉంటాం. అవతలి జట్టు అమ్మాయి పక్‌తో మా మీదికి దూసుకొస్తుంటే, నేను ఆమెకు ఎదురుగా వెనక్కి స్కేట్ చేస్తూ, మా ఇద్దరి మధ్య ఒక కర్ర పొడవు దూరం మాత్రమే ఉంచి, ఆమెను మెల్లగా గోడ వైపు నెట్టేయాలి. అదీ నా పని. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే చూసేవాళ్లకు చూడటానికేముంటుంది, ఫోన్ తీసుకుంటారు.

రాసేటప్పుడు నా తెలుగు ఇలా ఉంది కానీ నోరు విప్పితే వేరే కథ. ఆదివారం బడిలో మా అమ్మే టీచరు. చదవడం, రాయడం నాతో దెబ్బలాడి మరీ నేర్పింది. మాట్లాడటం మాత్రం అమెరికా బడి నేర్పింది కాబట్టి, నా తెలుగు వింటే స్కేట్లు వేసుకుని మెట్లు దిగుతున్నట్టుంటుంది. మా అమ్మకు అది వింటే నవ్వు, ఆమె నవ్వితే నాకు కోపం.

నేను హాకీలోకి రావడానికి అసలు కారణం మనవాళ్ల టైము. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. అమెరికన్ల చర్చి ఒకటి ఆదివారం మధ్యాహ్నాలు మాకు అద్దెకిచ్చేవాళ్లు. ఆరాధన రెండు గంటలకు అని బోర్డు మీద ఉండేది. రెండు నలభైకి ముందు మొదలైన ఆదివారం నా ఎరుకలో ఒక్కటీ లేదు. రెండింటికల్లా వెళ్లి కూర్చునేది మా నాన్న ఒక్కడే. కార్ల కంపెనీలో పనిచేసి చేసి ఆయనకు ఆ రోగం పట్టుకుంది. ఖాళీ కుర్చీల మధ్య నేను అల్లరి చేస్తుంటే భరించలేక, ఒకరోజు నన్ను పార్కింగ్ లాట్ అవతల ఉన్న స్కేటింగ్ రింక్‌కి తీసుకెళ్లాడు.

ఇక ప్రతి ఆదివారం అంతే. ఆ నలభై నిమిషాల్లో నిలబడటం నేర్చుకున్నాను, పడి లేవడం నేర్చుకున్నాను. ఎందుకో ముందుకు వెళ్లడం కంటే వెనక్కి వెళ్లడమే నాకు తొందరగా పట్టుబడింది. అది చూసి అక్కడి టీచరు నన్ను పిల్లల జట్టులో డిఫెన్స్‌లో పెట్టింది. మా అమ్మకు చెబితే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అందరి పిల్లలూ ముందుకెళ్లడం నేర్చుకుంటుంటే నువ్వు వెనక్కెళ్లడం నేర్చుకున్నావా? నీ మొహం!"

అలా అన్నదే కానీ ఒక్క ఆట మానలేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. రక్తపరీక్షలు చేసిన యూనిఫాంతోనే నేరుగా రింక్‌కి వచ్చి, దుప్పటి కప్పుకుని, ఒళ్లో పెరుగన్నం డబ్బా పెట్టుకుని కూర్చునేది. కూర్చున్నంతసేపూ కళ్లు పక్ వెంటే తిరిగేవి. పక్ అవతలి గోల్ దగ్గరుంటే నేను ఇవతల ఉండేదాన్ని. అది నా దగ్గరికి వచ్చేసరికి గోల్ పడుతుందేమోనని భయమేసి కళ్లు మూసుకునేది. ఇంటికెళ్లేటప్పుడు కారులో, "అందరూ అటు పరిగెత్తుతుంటే నువ్వొక్కదానివే ఇటు నిలబడ్డావేంటే?" అని అడిగేది. పదేళ్లు అడిగింది.

మా సంఘంలో ప్రార్థన విన్నపాలు చదివే ఆంటీ ఒకావిడ ఉంది. మైకు ఆమె చేతికొచ్చిందంటే మళ్లీ పాస్టర్ గారు అడిగి పుచ్చుకోవాల్సిందే. అందుకే పిల్లలమంతా మైకు ఆంటీ అనేవాళ్లం. ఒకరి వీసా స్టాంపింగ్, ఒకరి మోకాలి ఆపరేషన్, మాస్టర్స్ చదివే కుర్రాళ్ల ఇంటర్వ్యూలు చదివాక, ప్రతివారం చివర్లో నా వంతు వచ్చేది. "మన అమ్మాయి హాకీలో బాగా గోల్స్ కొట్టాలని..." అని ఆమె మొదలుపెడితే అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. నేను మాత్రం కళ్లు తెరిచి మా అమ్మ వైపు గుర్రుగా చూసేదాన్ని.

"అమ్మా, నా జాబ్ గోల్ కొట్టడం కాదు. వాళ్లు కొట్టకూడదు అని ప్రే చేయమను" అన్నాను ఒకసారి.

"తప్పు. అవతలివాళ్లూ ఒక తల్లి కన్న పిల్లలే. వాళ్లకు రాకూడదని దేవుణ్ణి ఎలా అడుగుతామే?" అంది అమ్మ.

కాలేజీలో నాలుగేళ్లు స్కాలర్‌షిప్ మీద ఆడాను. అక్కడి కోచ్ నాకు నేర్పింది ఒక్కటే, ఎదురొచ్చేవాళ్ల పక్ చూడకు, ఛాతీ చూడు అని. పక్ అటూ ఇటూ ఆడించి మోసం చేయొచ్చు, కళ్లతోనూ మోసం చేయొచ్చు, కానీ మనిషి వెళ్లేది ఛాతీ తిరిగిన వైపే. ఆ ఒక్క పాఠంతో నాలుగేళ్లు నెగ్గుకొచ్చాను. ఆ నాలుగేళ్లలో నేను కొట్టిన గోల్స్ మూడు, అందులో ఒకటి ఎవరి స్కేట్‌కో తగిలి లోపలికి పోయింది. తరువాత ఒక ఏడాది స్వీడన్‌లో చిన్న జట్టుకు ఆడాను. తిరిగొచ్చిన వేసవిలో, ఇక్కడి ఆడవాళ్ల ప్రొఫెషనల్ జట్టు ఒకటి నన్ను నవంబరులో జరిగే ట్రెయినింగ్ క్యాంప్‌కి పిలిచింది. మా ఊరికి నాలుగు గంటల డ్రైవ్. డిఫెన్స్‌లో మిగిలింది ఒకే ఒక్క చోటు, దాని కోసం ముగ్గురం.

క్యాంప్‌కి వెళ్లేముందు నాన్నా నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. చోటు వస్తే ఆడతాను. రాకపోతే ఆట మానేసి, ఇంజనీరింగ్ డిగ్రీ పట్టుకుని నాన్న కంపెనీలో నాకోసం చూసిన ఉద్యోగంలో చేరతాను. నాన్న బలవంతం ఏమీ లేదు, మాట నేనే అన్నాను. ఇరవై అయిదేళ్లు వచ్చినా నా సామాను అంతా ఇంకా ఒక హాకీ సంచిలోనే ఉంది మరి.

క్యాంప్‌కి పిలవడం అంటే ఉద్యోగం ఇవ్వడం కాదని మా వాళ్లకు ఎక్కించడం నా వల్ల కాలేదు. మనవాళ్ల లెక్కలో కాల్ వచ్చింది, ఊరు మారమన్నారు, ఉండటానికి రూమ్ ఇచ్చారు అంటే ఉద్యోగం వచ్చేసినట్టే. ఆరాధన అయ్యాక ఒక సాఫ్ట్‌వేర్ అంకుల్ ప్లేటు పట్టుకుని వచ్చి నన్ను ఇంటర్వ్యూ చేశాడు.

"ఫుల్‌టైమా, కాంట్రాక్టా?"

"వస్తే కాంట్రాక్ట్, అంకుల్."

"పర్లేదులే, తర్వాత కన్వర్ట్ చేస్తారు. క్లయింట్ ఎవరు?"

నేను నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల కోసమని పారిపోయాను.

క్యాంప్ మొదటి వారం చివర్లో, శనివారం, మమ్మల్నే రెండు జట్లుగా విడగొట్టి ఆడించారు. చూడటానికి ఎవరైనా రావచ్చన్నారు. మా సంఘం వాన్ నిండా వచ్చింది. నాన్న డ్రైవింగ్. చికెన్ పలావు, పెరుగు చట్నీ, మడత కుర్చీలు, పాటల పుస్తకాలు కూడా వచ్చాయి. పాటల పుస్తకాలెందుకని అడిగితే దారిలో పాడుకోవడానికట. నేను స్కేట్లు కట్టుకోబోతుంటే మైకు ఆంటీ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది.

"కాలేజీలో నలభై గోల్స్ కొట్టావటగా, బంగారం! మీ అమ్మ ప్రతివారం సాక్ష్యం చెప్పేది. నువ్వు లేవు కానీ మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పలావు గిన్నె మూత సరిచేస్తోంది, సరిగ్గానే ఉన్న మూతని.

నాలుగేళ్లు! నాలుగేళ్లు ప్రతివారం మైకులో నిలబడి నా పేరున అబద్ధం చెప్పింది మా అమ్మ, పరీక్షలో పక్కవాళ్ల పేపరు చూసినందుకు నాకు మూడు రోజులు టీవీ కట్ చేసిన మనిషి. ముందు కోపమొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది, ఆమెను చూసి కాదు, నన్ను చూసుకుని. నా సున్నా పట్టుకుని అంతమంది ముందు ఎన్నిసార్లు నిలబడలేకపోయిందో అనిపించింది. ఒక్కటి, ఒక్కటైనా కొట్టి చూపిస్తే ఆ నలభైలో ఒకటైనా నిజమవుతుంది కదా అనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆట సగం దాకా పద్ధతిగానే ఆడాను. ఎవరొచ్చినా గోడకు నెట్టాను. కోచ్ నా వైపు చూసి కాగితం మీద ఏదో రాసుకోవడం కూడా చూశాను. కానీ పైనుంచి మా వాళ్ల గోల మొదలైంది. మంచు మీద అంతమందిలో ఆ మాటలు అర్థమయ్యేది నాకొక్కదానికే.

"అక్కడే నిలబడిందేంటి పిల్ల?"

"ముందుకెళ్లమ్మా! భయపడకు!"

"కొట్టమ్మా, కొట్టు!"

పక్ నా కర్రకు తగిలింది. పక్కన ఉన్న అమ్మాయికి ఇచ్చేసి వెనక ఉండాలి. నేను ఇవ్వలేదు. మధ్యగీత దాటాను, ఇంకా దాటాను, ఎవరూ అడ్డురాలేదు. డిఫెన్స్ మనిషి అంత దూరం వస్తుందని ఎవరూ అనుకోరు మరి. లాగి కొట్టాను. గోలీ భుజం పక్కనుంచి లోపలికి పోయింది. "స్తోత్రం!" అని వాన్ జనమంతా లేచారు, మైకు లేకుండానే ఆంటీ గొంతు కప్పు దాకా వినిపించింది. మా అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడుస్తోంది. అమ్మను అలా చూస్తే ఎవరు ఆగుతారు? నేను ఆగలేదు. మళ్లీ ముందుకెళ్లాను. ఈసారి పక్ పోగొట్టుకున్నాను. నేను ఉండాల్సిన చోట ఎవరూ లేరు, ఇద్దరు అమ్మాయిలు తీరిగ్గా వెళ్లి గోల్ కొట్టారు. ఇంకోసారి వెళ్లాను. ఇంకో గోల్ పడింది. మా వాళ్లకు మాత్రం అవి మా గోలీ తప్పులుగా కనిపించాయి. తిరిగి వెళ్లేటప్పుడు వాన్ కిటికీలోంచి పాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

బుధవారం కోచ్ నన్ను గదిలోకి పిలిచింది. ఆవిడ కూడా ఒకప్పుడు డిఫెన్సే, చేతి వేళ్లు రెండు వంకరగా ఉంటాయి. మాట కూడా ఎక్కువ చుట్టూ తిప్పదు.

"నీ గోల్ బాగుంది. కానీ గోల్స్ కొట్టేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. నువ్వు చోటు వదలవని నిన్ను పిలిచాను. శనివారం మూడుసార్లు వదిలావు. ఆ చోటు ఇంకొకరికి ఇస్తున్నాను."

తలూపాను. రిజర్వ్ జాబితాలో నా పేరు ఉంచుతానని, ఎవరికైనా దెబ్బ తగిలితే పిలవచ్చని, పిలుస్తానని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పింది. కారులోకి వచ్చి కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"శనివారం మనింట్లో కృతజ్ఞత కూడిక పెట్టానే. నీ గోల్‌కి, నీ ఉద్యోగానికి. ఎనభై మందికి చెప్పేశాను. మీ నాన్నేమో ఆలూ లేదు చూలూ లేదు అంటూ సామెతలు చెప్తున్నాడు, నువ్వు పట్టించుకోకు."

"సరే అమ్మా" అన్నాను. పిరికిదాన్ని, ఇంకేమంటాను?

శనివారం మధ్యాహ్నం హాకీ సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. హాల్లో సోఫాలు గోడకు జరిపి దుప్పట్లు పరిచారు. పాట అయ్యాక అమ్మ నన్ను ముందుకు తోసి సాక్ష్యం చెప్పమంది. అందరూ నవ్వు మొహాలతో చూస్తున్నారు. నా తెలుగు ఎప్పుడూ అంత బరువుగా లేదు.

"అందరికీ వందనాలు. నాకు... స్పాట్ రాలేదు. కట్ చేశారు. నేను గోల్ కొట్టాను కదా, అందుకే. నా జాబ్ వెనకాల ఉండటం. నేను వెళ్లిపోయాను. సారీ, చాలా దూరం వచ్చారు మీరు."

మైకు ఆంటీ నోరు తెరిచి మూసేసింది. అప్పుడు నా పక్కన మా అమ్మ లేచి నిలబడింది. కొంగు చేత్తో నలుపుతూ, కిందికి చూస్తూ చెప్పింది.

"తప్పు దానిది కాదు, నాది. నలభై గోల్స్ అని నేను చెప్పింది అబద్ధం. అది కొట్టింది మూడు. ప్రతివారం సున్నా అని చెప్పడానికి నాకే సిగ్గేసి అలా చెప్పాను. మీరంతా నా మాట నమ్మి ప్రార్థన చేశారు. నన్ను క్షమించండి."

మా అమ్మ ఎవరినీ క్షమాపణ అడగడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది. పాస్టర్ గారు లేచి చిన్న ప్రార్థన చేసి, "వంటలు చల్లారిపోతున్నాయి, దేవుడికి దాచేదేముంది, మనం భోంచేద్దాం" అన్నారు. ఆ మాటతో ఇల్లు మళ్లీ ఇల్లయింది. క్లయింట్ ఎవరని అడిగిన అంకుల్ బిర్యానీ ప్లేటుతో నా పక్కన కూర్చున్నాడు. రిజర్వ్ జాబితా సంగతి ఆయనకు చెప్పాను.

"రిజర్వ్ అంటే మన బెంచ్ మీద ఉన్నట్టే కదా? నేను ఎనిమిది నెలలు ఉన్నానమ్మా బెంచ్ మీద. గెస్ట్ హౌస్‌లో అందరికీ అన్నం వండి పెట్టాను. తర్వాత వచ్చింది ప్రాజెక్టు. వస్తుంది, కంగారు పడకు."

అందరూ వెళ్లాక అమ్మా నేనూ బిర్యానీ గిన్నె తోముతున్నాం. ఎంత తోమినా అడుగంటింది వదలడం లేదు. అమ్మ చెయ్యి ఆపి అడిగింది.

"అయితే నీ పని బాగా చేస్తే ఏమవుతుందే?"

"ఏమీ అవదు, అమ్మా. నథింగ్."

అమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టింది.

"మా ల్యాబ్‌లో రిపోర్ట్‌లో ఏమీ లేదు అని వస్తే మనుషులు ఏడ్చి దండం పెడతారు. ఇరవై ఏళ్లుగా నేనే చూస్తున్నా. నీ దగ్గరికొచ్చేసరికి ఏదో కావాలి, ఏదో కావాలి అని ప్రాణం తీశాను. పిచ్చిమొహాన్ని" అని గిన్నెను మళ్లీ గట్టిగా తోమడం మొదలుపెట్టింది. నాన్న అటుగా వచ్చి, ఉద్యోగంలో చేరేది జనవరి రెండో సోమవారం అని ఆఫీసులో చెప్పానని, అంతవరకూ నా ఇష్టమని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే ఉంటాయి.

ఆ రెండు నెలలూ పార్కింగ్ లాట్ అవతలి ఆ పాత రింక్‌లోనే పిల్లల స్కేట్లకు సానపట్టే పని చేశాను. పొద్దున్నే ఎవరూ రాకముందు ఒక్కదాన్నే మంచు మీద వెనక్కి వెనక్కి తిరిగేదాన్ని. ఒక్కోరోజు నాన్న ఆఫీసుకెళ్లే ముందు వచ్చి, షూ మీదే పక్‌తో నా మీదికి నడిచొచ్చేవాడు, నేను ఆయన్ను గోడకు నెట్టేదాన్ని. జనవరి రెండో సోమవారం దగ్గర పడింది. ఆఫీసుకు వేసుకోవడానికి అమ్మతో వెళ్లి రెండు ప్యాంట్లు కూడా కొన్నాను.

గురువారం కోచ్ ఫోన్ చేసింది. డిఫెన్స్ అమ్మాయి ఒకరికి మణికట్టు విరిగింది. "శనివారం ఆటకు రా. ఆ ఒక్క ఆటకే పిలుస్తున్నాను. తరువాత సంగతి చూశాక" అంది. ఫోన్ పెట్టేసి పిచ్చిదానిలా గెంతాను. అమ్మ ఈసారి మైకు ఆంటీకి చెప్పలేదు, ప్రార్థన విన్నపం రాయలేదు, వాన్ అడగలేదు. నాన్నా ఆమే కారులో వచ్చారు. ఆటకు ముందు రింక్ చుట్టూ ఉండే అద్దం అవతల నిలబడి నన్ను చేత్తో పిలిచింది. అద్దం మందంగా ఉంటుంది కాబట్టి అరిచినట్టే మాట్లాడాలి.

"నేను ఎక్కడ చూడాలే?"

పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"పక్ చూడకు, అమ్మా. నన్నే చూడు."

ఆ ఆట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎవరు ఎటు నుంచి వచ్చినా ఛాతీ చూశాను, కర్ర పొడవు దూరం ఉంచాను, గోడకు నెట్టాను. ఒక పక్‌కి పాదం అడ్డం పెడితే, ఆ పాదం వంకాయ రంగులోకి తిరిగింది. మా జట్టు ఒక గోల్ కొట్టింది, అది కొట్టింది నేను కాదు. చివరి రెండు నిమిషాలూ కోచ్ నన్ను మంచు మీదే ఉంచింది. అవతలి జట్టులో అందరికంటే వేగంగా ఆడే అమ్మాయి పక్‌తో నా మీదికి వచ్చింది. కళ్లతో ఎడమ చూపించింది, పక్‌తో కూడా ఎడమే చూపించింది, ఛాతీ కుడికి తిరిగింది. నేనూ కుడికే వెళ్లాను. ఆమె గోడకు తగిలింది, పక్ మూలకు పోయింది, గంట మోగింది. తలెత్తి చూస్తే అమ్మ పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది.

కోచ్ లాకర్ రూమ్‌లో నా పక్కకు వచ్చి, "రేపు మూడింటికి ప్రాక్టీసు. సీజన్ అయ్యేదాకా ఉంటావు, కాగితాలు అక్కడే సంతకం పెట్టు" అంది. ఆ మాటకు నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. నాన్న కారు దగ్గర నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపాడు. సోమవారం ఆఫీసులో ఆయనే చెప్పుకుంటానన్నాడు.

మర్నాడు ఉదయం ఇంటినుంచి అమ్మ ఫోన్.

"రెండింటికి మన ఆరాధన లైవ్ పెట్టుకో."

"అమ్మా, టూకి ఎప్పుడు స్టార్ట్ చేశారు మీరు? నాకు త్రీకి ప్రాక్టీస్."

"పెట్టుకోమన్నాను కదే."

మా జట్టు రింక్ పార్కింగ్ లాట్‌లో కారు ఆపుకుని, హీటర్ వేసుకుని, రెండింటికి ఫోన్‌లో లైవ్ తెరిచాను. ఖాళీ కుర్చీలు, "హలో, చెక్, చెక్" అనే ఎవరో కుర్రాడు కనిపిస్తారనుకున్నాను. హాలు నిండిపోయి ఉంది. అందరూ కోట్లు విప్పి, పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. మైకు ఆంటీ గడియారం వైపు చూసి గొంతు సవరించుకుంది.

"మన అమ్మాయికి మూడింటికి డ్యూటీ ఉంది. అందుకని ఈరోజు టైముకి మొదలుపెడుతున్నాం. వాళ్లమ్మ రాత్రి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చంపేసింది. అయినా అందరూ వచ్చారు, స్తోత్రం."

మూడు పాటలు పాడారు. తరువాత అమ్మ వచ్చి మైకు అందుకుంది. కెమెరా పట్టుకున్నది నాన్న అయ్యుంటాడు, బొమ్మ వణుకుతోంది.

"అందరికీ వందనాలు. నిన్న మా అమ్మాయి ఆడింది. గోల్ కొట్టలేదు."

అలవాటు కొద్దీ ఎవరో "అయ్యో" అన్నారు.

"అయ్యో అనకండి" అంది మా అమ్మ. "అది ఒక్కటి కూడా కొట్టలేదు. వాళ్లను ఒక్కటి కూడా కొట్టనివ్వలేదు. నేను కళ్లు మూసుకోకుండా మొత్తం చూశాను."

ఫోన్ పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాను. స్కేట్ల సంచి తీసుకుని, నొప్పి పాదం ఈడ్చుకుంటూ లోపలికి నడిచాను. ప్రాక్టీసుకు ఇంకా నలభై నిమిషాలుంది.